ఆ డ్రిల్ పీరియడ్ ఇక మీ చేతుల్లోనే

తెల్లవారుజామున ఐదున్నరకి మీ ఊళ్లో డిగ్రీ కాలేజీ గ్రౌండ్‌కి ఒక్కసారి వెళ్లి చూడండి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తుందట అన్న మాట పుడితే చాలు, అక్కడ తిరనాళ్లే. చేతిలో ఫోన్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, కాళ్లకి కొత్త బూట్లు. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో సివిల్ కానిస్టేబుల్‌కి మగవాళ్లు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఎస్ఎస్‌సీ జీడీకి అయితే మగవాళ్లకి 5 కిలోమీటర్లు, 24 నిమిషాలు. పెద్ద వేగమేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న ఇరవై రెండేళ్ల కుర్రాడు కాస్త అలవాటుంటే నవ్వుతూ చేసేయగలిగిందే.

కానీ రెండో రౌండ్‌కే పక్కటెముక పట్టుకుని నిలబడిపోయేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు. నేను అక్కడ వాకింగ్‌కి వెళ్తాను. మొన్న ఒక అబ్బాయి నా పక్కనే గట్టు మీద కూలబడి రొప్పుతున్నాడు. ‘బడిలో ఎప్పుడైనా పరిగెత్తావా బాబూ?’ అని అడిగాను. ‘మా స్కూల్ అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు సార్’ అన్నాడు. ‘గేమ్స్ పీరియడ్ లేదా?’ అంటే, ‘ఉండేది సార్... టైంటేబుల్లో’ అన్నాడు.

ఆ అబ్బాయిని తప్పు పట్టడానికేమీ లేదు. ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా కాళ్లు నేర్చుకోవాల్సిన పాఠాన్ని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఉద్యోగం కోసం మూడు నెలల్లో నేర్చుకోవాలని చూస్తున్నాడు. మోకాళ్ల నొప్పులు రావడంలో వింతేముంది?

ఇది కానిస్టేబుల్ అభ్యర్థుల కోసం రాస్తున్నది కాదు. మీలో డీఎడ్, బీఎడ్ చేసి టెట్ రాసి, డీఎస్సీ కోసం పుస్తకాల ముందు కూర్చున్నవాళ్ల కోసం. రేపు ఏదో ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు చెప్పి, ప్రైమరీ టీచర్‌గా చేరబోయేవాళ్ల కోసం కూడా. ఎందుకంటే ఆ అబ్బాయి పోగొట్టుకున్న పీరియడ్ రేపు మీ చేతుల్లోకే వస్తుంది.

లెక్క ఒకసారి చూడండి. తెలంగాణ డీఎస్సీ-2024లో మొత్తం 11,062 పోస్టులు. అందులో ఎస్‌జీటీలు 6,508, పీఈటీలు 182. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ-2025లో 16,347 పోస్టులుంటే ఎస్‌జీటీలు 6,371, పీఈటీలు 132. వ్యాయామ విద్యకి స్కూల్ అసిస్టెంట్ పోస్టులు వేరే ఉన్నాయి నిజమే, కానీ వాళ్లు వెళ్లేది పెద్ద బడులకి. ఒకటి నుంచి ఐదు చదివే పిల్లల్ని ఆడించడానికి ప్రత్యేకంగా ఎవరూ రారు. ఆ ఊరి బడిలో తెలుగు టీచరూ మీరే, లెక్కల టీచరూ మీరే, డ్రిల్ మాస్టారూ మీరే. పోస్టింగ్ ఆర్డర్‌లో ఆ మాట రాసి ఉండదంతే.

చట్టం కూడా ఇక్కడ కాస్త చెయ్యిచ్చింది. విద్యాహక్కు చట్టం-2009ని మీరు బిట్ల కోసం చదివే ఉంటారు. దాని షెడ్యూల్ తీసి మళ్లీ చూడండి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. ప్రతి తరగతికీ అవసరమైన ఆట వస్తువులు ఇవ్వాలంటుంది. వ్యాయామ విద్యకి ఇన్‌స్ట్రక్టర్ అనే మాట మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతుల దగ్గరే వస్తుంది. అదీ వందమంది పిల్లలు దాటితేనే, అదీ పార్ట్‌టైమే. ఒకటి నుంచి ఐదుకి అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు అని చెప్పి ఊరుకుంది. అంటే గ్రౌండ్ ఉండాలి, బంతి ఉండాలి, ఆడించే మనిషి సంగతి మాత్రం చెప్పలేదు. చట్టం రాసినవాళ్లు పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆడుకుంటారు అనుకున్నారేమో. వీధిలో స్కూటర్లు తక్కువగా, ఇంట్లో సెల్‌ఫోన్ లేకుండా ఉన్న రోజుల్లో అయితే ఆ మాట నిజమే.

నేను తిన్న పీరియడ్లు

నీతులు చెప్పే ముందు నా సంగతి చెప్పాలి. నేను పదకొండేళ్లు ఎస్‌జీటీగా పనిచేశాను. మొదటి పోస్టింగ్ ఇద్దరు టీచర్ల బడి. ఐదు తరగతులు, నలభై ఏడు మంది పిల్లలు, రెండు గదులు, ఒక వరండా, బయట వేపచెట్టు. రోజూ చివరి పీరియడ్ ఆటలు అని గోడ మీద చార్టులో అందంగా రాసి ఉండేది. రాసింది నేనే. ఆ పీరియడ్‌లో ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ నేనే. మొదటి రెండేళ్లలో ఎన్ని గేమ్స్ పీరియడ్లు లెక్కల కింద తినేశానో లెక్కలేదు. పైగా కష్టపడే టీచర్నని లోపల్లోపల గర్వం కూడా ఉండేది.

మూడో తరగతిలో ఒక పిల్లాడు. పది నిమిషాలు చాప మీద కూర్చోలేడు. పక్కవాడిని గిల్లుతాడు, పలక గీకుతాడు, నీళ్లకి వెళ్తానని మూడుసార్లు లేస్తాడు. నాకు తెలిసిన మందు ఒక్కటే, గోడ కుర్చీ వేయించడం. ఒకరోజు మా హెడ్ మేడం, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న పెద్దావిడ, చూసి చూసి అన్నారు: ‘వాణ్ణి కూర్చోబెట్టి నువ్వు గెలవలేవయ్యా. ముందు పరిగెత్తించు, తర్వాత కూర్చోమని చెప్పు.’

మర్నాటి నుంచి లెక్కల పీరియడ్‌కి ముందు తరగతి మొత్తాన్నీ వేపచెట్టు దాకా, అక్కణ్ణుంచి గేటు దాకా, మళ్లీ వెనక్కి నాలుగైదుసార్లు పరిగెత్తించడం మొదలుపెట్టాను. పది నిమిషాల పని. అద్భుతం ఏమీ జరగలేదు. వాడు క్లాసు ఫస్టు రాలేదు. కానీ చాప మీద పావుగంట కూర్చోవడం మొదలుపెట్టాడు, తర్వాత ఇరవై నిమిషాలు. నా గోడ కుర్చీ మందు వాడకంలో లేకుండా పోయింది. వాడికన్నా నాకే ఎక్కువ మేలు జరిగింది, గొంతు అరిగిపోవడం తగ్గింది. అయినా ఆ రెండేళ్లలో నా దగ్గర చదివి వెళ్లిపోయిన పిల్లలకి నేను బాకీనే.

మీరు బిట్‌గా చదివేదే

టెట్‌లో శిశు వికాసం చాప్టర్‌లో మీరు శిరఃపాదాభిముఖ వికాసం, సమీప దూరస్థ వికాసం అని బట్టీ పట్టి ఉంటారు. తల నుంచి కాళ్ల వైపు, శరీరం మధ్య భాగం నుంచి చివరలకి వికాసం సాగుతుందని. ఒక మార్కు. దాన్ని ఒకటో తరగతి గదిలోకి తీసుకెళ్లండి. పెన్సిల్ పట్టుకోవడం సూక్ష్మ చాలక నైపుణ్యం. అది రావాలంటే ముందు నడుము, భుజం, మోచెయ్యి నిలకడగా ఉండాలి. అవి స్థూల చాలక నైపుణ్యాలతో, అంటే పాకడం, ఎక్కడం, వేలాడటం, విసరడం, గెంతడంతో వస్తాయి. కొమ్మ పట్టుకుని ఊగిన చెయ్యికే అక్షరం నిలుస్తుంది. మనం ఏం చేస్తున్నాం? ఊగడం మానిపించి, నాలుగు లైన్ల కాపీ పుస్తకం ఇంకో రెండు పేజీలు రాయమంటున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలి. ఒక మాదిరి నుంచి ఎక్కువ తీవ్రత ఉన్నది, అంటే ఊపిరి వేగం పెరిగి ఒళ్లు వెచ్చబడేది. అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టిగా పరిగెత్తేవి, కండరాలకీ ఎముకలకీ పని చెప్పేవి ఉండాలి. ఎముకల మాట ఎందుకంటే, గెంతినప్పుడు, దూకినప్పుడు పడే బరువుకే ఎముక గట్టిపడుతుంది. ఆ గట్టిదనాన్ని కూడబెట్టుకునే వయసు చిన్నతనం, కౌమారం. పెద్దయ్యాక చేసేది ఎక్కువగా ఆ పొదుపులోంచి ఖర్చుపెట్టడమే. ఇదే సంస్థ పరిశోధకులు 2016 నాటి లెక్కలతో వేసిన అంచనాలో ప్రపంచంలో 11–17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి ఈ 60 నిమిషాలు అందడం లేదు. అలవాటు ప్రైమరీలో పడకపోతే హైస్కూల్లో పీఈటీ ఉన్నా పిల్ల గ్రౌండ్‌లోకి దిగదు. గట్టు మీద కూర్చుని చూస్తుంది.

ఇక ప్రతి తల్లిదండ్రీ అడిగే ప్రశ్న: ఆడితే చదువు దెబ్బతినదా? దీనికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. ఆడితే మార్కులు పెరుగుతాయని నేను గ్యారంటీ ఇవ్వను. అలా ఎవరైనా బ్రోచర్‌లో వేస్తే నమ్మకండి కూడా. కానీ ఆట వల్ల శ్రద్ధ, తనను తాను అదుపు చేసుకునే శక్తి మెరుగవుతాయనడానికి మంచి ఆధారాలున్నాయి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 7–9 ఏళ్ల పిల్లలు 221 మందిని తీసుకుని, సగం మందికి తొమ్మిది నెలల పాటు బడి అయ్యాక రోజూ ఆటలు పెట్టారు. మిగతావాళ్లని వెయిటింగ్ లిస్టులో ఉంచారు. 2014లో ఫలితాలు వచ్చాయి. ఆడిన పిల్లల్లో దేహదారుఢ్యంతో పాటు అనవసరమైనదాన్ని పక్కనపెట్టి పని మీద దృష్టి పెట్టే నేర్పు, ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లించే నేర్పు ఎక్కువ మెరుగయ్యాయి. చాప మీద కూర్చోలేని మా పిల్లాడికి లేనిది సరిగ్గా అదే కదా.

కళ్ల సంగతి ఇంకా సూటిగా ఉంది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో 12 ప్రైమరీ బడుల్లో ఒక ప్రయోగం చేశారు. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే మామూలు బడుల్లో 39.5 శాతం మంది పిల్లలకి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. బయట తిరిగిన బడుల్లో 30.4 శాతం మందికే వచ్చింది. 2015లో వచ్చిన ఫలితాలివి. పరిగెత్తించే టీచరు లేకపోయినా, పిల్లల్ని వెలుతురులోకి తీసుకెళ్లినందుకే అంత తేడా. మూడో అంతస్తులో ట్యూబ్‌లైట్ల కింద ఒలింపియాడ్ ఫౌండేషన్ చెప్పే బడుల్లో నాలుగో తరగతికే కళ్లజోళ్లు ఎన్ని ఉన్నాయో, మీకు ఉద్యోగం వచ్చిన మొదటి రోజు లెక్కపెట్టండి.

‘జాగా లేదు, టైం లేదు’

ఈ రెండు మాటలూ మీకు స్టాఫ్ రూములో మొదటి వారంలోనే వినిపిస్తాయి. వాటిలో కొంత నిజం ఉంది. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు లాగేవాడి మీద, పునాది అభ్యసనం రిపోర్టులు, ఆన్‌లైన్ హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ ఉన్నవాడి మీద, పైనుంచి ‘ఆటలు కూడా ఆడించు’ అని ఇంకో బరువు వేయడం న్యాయం కాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఒక్కో స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని ప్రైమరీ బడులన్నిటికీ కలిపి కనీసం ఒక పీఈటీ ఉండాలి. వారానికి ఒకరోజు ఒక బడికి వెళ్లి, పిల్లలకీ టీచర్లకీ నేర్పి రావాలి. మిగతా రోజులు టీచర్లు నడిపిస్తారు. దీనికి కొత్త భవనాలక్కర్లేదు, పోస్టులు కావాలి. నిరుద్యోగులుగా మీరు ధర్నా చౌక్‌లో పట్టుకునే ప్లకార్డుల మీద ఎస్‌జీటీ ఖాళీల పక్కన ఈ డిమాండ్ కూడా ఉండదగిందే. బీపీఎడ్ చేసి ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న మీ స్నేహితులు ఎంతమంది లేరు?

కానీ పోస్టులు వచ్చేదాకా? ‘జాగా లేదు’ అన్న మాటకి స్కాట్లాండ్‌లో ఒక హెడ్‌మిస్ట్రెస్ జవాబు చెప్పింది. 2012లో స్టర్లింగ్ పట్టణంలోని సెయింట్ నినియన్స్ ప్రైమరీ స్కూల్లో, తన పిల్లలు కాస్త పరిగెత్తగానే అలిసిపోతున్నారని ఎలైన్ వైలీ గమనించారు. రోజూ 15 నిమిషాలు, ఉన్న దుస్తుల్లోనే, బడి చుట్టూ పరిగెత్తడమో నడవడమో చేయించారు. పోటీ లేదు, ఈల లేదు, కిట్ లేదు. ‘డైలీ మైల్’ పేరుతో అది ఇప్పుడు చాలా దేశాలకి పాకింది. మన ఎండలకి దాన్ని యథాతథంగా తేలేం. ఉదయం ప్రార్థన అవగానే పెట్టుకుంటే సరిపోతుంది. ఒంటిపూట బడుల రోజుల్లో ఇంకా ముందు. మధ్యాహ్న భోజనం తిన్న వెంటనే మాత్రం వద్దు, గుడ్డు తిన్న పిల్లాడిని పరిగెత్తిస్తే ఏమవుతుందో నాకు స్వానుభవం.

వస్తువులకి డబ్బు లేదంటారు. సమగ్ర శిక్ష కింద ప్రైమరీ బడికి ఏడాదికి 5,000 రూపాయలు, అప్పర్ ప్రైమరీకి 10,000 రూపాయల వరకు ఆటవస్తువుల గ్రాంటు ఉంది. చేరగానే అడగండి. చాలా చోట్ల ఆ డబ్బుతో కొన్న బంతులు, తాళ్లు హెడ్‌మాస్టర్ గదిలో బీరువాలో భద్రంగా ఉంటాయి. పిల్లలు ఆడితే అరిగిపోతాయని భయం. ఆడిట్‌లో చూపించాలి కదా! బంతి అరిగిపోవడానికే కొన్నారని మీరు మర్యాదగా చెప్పాల్సి రావచ్చు.

ఆడించడంలో మీకు శిక్షణ లేదన్న బెంగ వద్దు. మీ అమ్మమ్మ ఆడిన ఆటలు చాలు. తొక్కుడు బిళ్ల ఒంటికాలి నిలకడ నేర్పుతుంది. గడుల్లో అంకెల బదులు మూడో ఎక్కం రాయండి, మీ సిలబస్ కూడా నడుస్తుంది. ఏడు పెంకులాటలో గురిచూసి విసరడం, ఒంగి పేర్చడం, తప్పించుకు పరిగెత్తడం మూడూ ఉన్నాయి. నేల–బండ, నాలుగు స్తంభాలాట, తాడు గెంతడం. బిళ్లంగోడు మాత్రం చిన్నపిల్లలతో వద్దంటాను, కళ్లకి ప్రమాదం.

ఒక మెలకువ చెబుతాను, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ‘అవుట్’ అయినవాళ్లు పక్కన కూర్చునే ఆటలు పిల్లలకి తగ్గించండి. ఆలోచించండి, అలాంటి ఆటలో మొదట అవుట్ అయ్యేదెవరు? లావుగా ఉన్న పిల్లాడు, నెమ్మదిగా పరిగెత్తే పిల్ల. అంటే ఎవరికి ఆట ఎక్కువ అవసరమో వాళ్లే పీరియడంతా కూర్చుంటారు. చురుగ్గా ఉన్నవాడు చివరిదాకా పరిగెత్తి ఇంకా చురుకవుతాడు. అదే నేల–బండలో అయితే దొరికినవాడు దొంగ అవుతాడు, ఇంకా ఎక్కువ పరిగెత్తాలి. ఖోఖో మన ఆటే, గొప్ప ఆటే. కానీ తరుముతున్న జట్టులో ఎనిమిది మంది కూర్చుని ఉంటారు, ఒక్కడే పరిగెత్తుతాడు. మూడో తరగతికి దాన్ని ముగ్గురేసి, నలుగురేసి చిన్న జట్లుగా చేసి ఆడించండి. పీరియడ్ అయ్యాక మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఎవరు గెలిచారని కాదు, ఎంతమందికి చెమట పట్టిందని.

ఇంకోటి. పరుగుని, గుంజీళ్లని శిక్షగా ఎప్పుడూ వాడకండి. హోంవర్క్ చేయలేదని గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు, అల్లరి చేశాడని యాభై గుంజీళ్లు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం శారీరక దండన నిషిద్ధమని మీకు తెలుసు. ఆ సంగతి అలా ఉంచినా, వ్యాయామాన్ని దండనగా రుచి చూసిన పిల్ల పెద్దయ్యాక దాన్ని ప్రేమించదు. నేను గోడ కుర్చీ వేయించిన పిల్లలు ఇప్పుడు ముప్పైల్లో ఉండి ఉంటారు. వాళ్లలో ఎంతమంది జిమ్ములో ‘వాల్ సిట్’ అని డబ్బిచ్చి చేస్తున్నారో తెలీదు గానీ, ఎంతమంది వ్యాయామం అనగానే మొహం తిప్పుకుంటున్నారో అన్న ఆలోచన నన్ను కుదురుగా ఉండనివ్వదు.

పతకాల మాట నేను కావాలనే ఎక్కువ ఎత్తడం లేదు. ప్రైమరీలో ఆటలు పెట్టేది ఒలింపియన్ల కోసం కాదు. అయినా ఇద్దరిని తలుచుకోకుండా ఉండలేను. విశాఖపట్నంలో ఒక సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి. పొడుగ్గా ఉందే, హర్డిల్స్‌కి పనికొస్తుందని మొదట గమనించింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడే. 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్ల లోపు పరిగెత్తిన తొలి భారతీయ మహిళ ఆవిడ. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. ఊళ్లో మాటలు పడింది. ఆమెలోని పరుగునీ మొదట చూసింది బడిలోనే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. మీ తరగతిలో పాఠం ఎక్కని పిల్ల ఉంటే, ఆ పిల్లకి ఏం వచ్చో మీకు తెలిసే చోటు బ్లాక్‌బోర్డు ముందు కాకపోవచ్చు. ఆటల పీరియడ్‌లో ‘నువ్వు కూర్చోమ్మా, నీకు దెబ్బ తగులుతుంది’ అని వైకల్యం ఉన్న పిల్లలని పక్కన పెట్టడం దయ అనుకుంటాం. నేనూ అనుకున్నాను.

ఆడపిల్లల సంగతి మరీ చెప్పాలి. ఐదో తరగతికి వచ్చేసరికే ‘ఇంక పెద్దదానివవుతున్నావు, ఏం గంతులు’ అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. బడిలో కూడా ‘అమ్మాయిలు లోపల కూర్చుని ముగ్గులు వేసుకోండి’ అనే టీచర్లున్నారు. గ్రౌండ్ సగం ఎప్పుడూ మగపిల్లల క్రికెట్‌దే. పెద్ద పని అక్కర్లేదు. సోమ, బుధ, శుక్రవారాలు గ్రౌండ్ మధ్యభాగం అమ్మాయిలది అని ఒక్క గీత గీయండి చాలు. వారం రోజులు గొడవ అవుతుంది, తర్వాత అలవాటవుతుంది.

తల్లిదండ్రులు వస్తారు. ‘ఫీజు కట్టేది ఆడుకోవడానికా సార్’ అని ప్రైవేటులో, ‘మా వాడి చొక్కా మట్టి చేసుకొచ్చాడు’ అని సర్కారు బడిలో. వాళ్లతో వాదించకండి. ఒక శనివారం పిలిచి, వాళ్ల పిల్లల్ని ఒంటికాలి మీద అర నిమిషం నిలబడమనండి. ఐదు అడుగుల దూరం నుంచి బంతి పట్టుకోమనండి. చాలామంది పిల్లలకి రాదు. తల్లులు ‘అదేంటి, మేం ఈ వయసులో చెట్లెక్కేవాళ్లం’ అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచే రానివ్వండి. మీరు కష్టపడి ఒప్పించిన దానికన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

మీలో ఆటలంటే ఇష్టం ఉండి, ఏం చేయాలో తెలీక ఏదో ఒక డిగ్రీలో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇంటర్ తర్వాత డీపీఎడ్, డిగ్రీ తర్వాత బీపీఎడ్, రెండూ రెండేళ్ల కోర్సులే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పీఈసెట్ ద్వారా ప్రవేశం, అందులో రాతపరీక్ష కాదు, పరుగు, గెంతు, విసురుల పరీక్ష ఉంటుంది. సర్కారు పోస్టులు తక్కువని పైన అంకెలే చెబుతున్నాయి, మభ్యపెట్టను. కానీ జాతీయ విద్యావిధానం-2020 తర్వాత వచ్చిన 2023 పాఠశాల విద్యా ప్రణాళిక చట్రం వ్యాయామ విద్యని ఆటవిడుపుగా కాకుండా, వ్యాయామ విద్య, శ్రేయస్సు పేరుతో ఒక పాఠ్యాంశంగా పెట్టింది. కాగితం మీది మాట బడిలోకి రావడానికి మన దగ్గర ఎన్నేళ్లు పడుతుందో మీకూ తెలుసు. వచ్చేనాటికి, చిన్నపిల్లల్ని ఆడించడం చేతనైనవాళ్లు కావాలి. హైస్కూల్ కబడ్డీ జట్టుకి కోచింగ్ ఇవ్వడం వేరు, ఆరేళ్ల పిల్లలు ముప్పైమందిని ఏడవకుండా ఇరవై నిమిషాలు పరిగెత్తించడం వేరు. రెండోదే కష్టం, చాలామందికి రాదు. మీకు వచ్చని చూపించగలిగితే ప్రైవేటు స్కూలు డెమోలో అది మీ బలమే. కరస్పాండెంట్ గారు ‘ఇంకేమైనా చెప్పగలరా’ అని అడిగినప్పుడు స్పోకెన్ ఇంగ్లిష్ అని అందరూ చెబుతారు.

అన్నట్టు, ఇదంతా చదువుతున్న మీరు ఇప్పుడు స్టడీ హాల్లో ఎన్నో గంట నుంచి కూర్చుని ఉన్నారు? అశోక్‌నగర్‌లో కానీ, దిల్‌సుఖ్‌నగర్‌లో కానీ, మీ జిల్లా లైబ్రరీలో కానీ. పదిహేను నిమిషాలు బయటికి వెళ్లి నడిచి రండి, సైకాలజీ బిట్లు ఎక్కడికీ పోవు.

మొన్న గ్రౌండ్‌లో రొప్పుతూ కూర్చున్న ఆ అబ్బాయి కానిస్టేబుల్‌తో పాటు డీఎస్సీకి కూడా చదువుతున్నాడట. డీఎడ్ పూర్తయిందని చెప్పాడు. ‘సెలెక్టయితే గేమ్స్ పీరియడ్ ఏం చేస్తావు?’ అని అడిగాను. కాసేపు బూటు లేసు కట్టుకుంటూ ఆలోచించి, ‘నాకే ఏ ఆటా రాదు కద సార్’ అన్నాడు. నేను కర్రపుల్ల తీసుకుని ట్రాక్ పక్క మట్టిలో తొక్కుడు బిళ్లకి ఎనిమిది గడులు గీశాను. చిన్న పెంకుముక్క వెతికి చేతిలో పెట్టాను. చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. మూడో గడి దగ్గర కాలు కింద పెట్టేశాడు. మళ్లీ మొదటి నుంచి వేశాడు.